సహెరీ లేని ఉపవాసం

ఆపరేషన్‌కు ముందు ఉపవాసం ఉండాలని డాక్టరు చెబితే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది రోజానే. మా అబ్బాకు హెర్నియా ఆపరేషన్ తేదీ ఖాయమవగానే అమ్మీ అడిగిన మొదటి మాట: "మరి సహెరీకి ఏం వండను?" పొద్దున 10 గంటలకు ఆపరేషన్. ఫజర్‌కు ముందే లేపి రొట్టె, ఖీమా తినిపించాలని ఆమె ఇరాదా. ఏ రంజాన్‌లోనూ తప్పని అలవాటు మరి.

మత్తు డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. మత్తులో గొంతు తన కాపలా మానేస్తుంది. కడుపులో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే జాన్‌కే ఖత్రా. అందుకే తేలికపాటి తిండికి కనీసం 6 గంటలు, మాంసం, నూనె వంటలకు 8 గంటలు ఎడం కావాలి. మంచినీళ్లు మాత్రం 2 గంటల ముందు దాకా తాగొచ్చు. పాలు పోసిన చాయ్ నీళ్ల లెక్కలోకి రాదు. రోజాలో మరచిపోయి తింటే అల్లాహ్ మాఫ్ చేస్తాడు, రోజా పోదు. ఇక్కడ మరచిపోయి తిన్నా చెప్పి తీరాలి, ఆపరేషన్ వాయిదా వేస్తారు. అమ్మీ ముందురాత్రి ఖిచిడీతో సరిపెట్టింది.

అసలు ముసీబత్ బీడీ. అబ్బా దూది ఏకి పరుపులు కుట్టిన మనిషి. ఆ దుమ్ము, ఈ పొగ కలిసి పాత దగ్గు. ఆపరేషన్ అయ్యాక దగ్గితే కుట్ల మీద జోర్ పడుతుంది, పొగ తాగేవాళ్లకు గాయం కూడా తొందరగా మానదు, 4 వారాల ముందే ఆపండి అన్నాడు సర్జన్. "రంజాన్‌లో పగలంతా ముట్టను డాక్టర్ సాబ్" అన్నారు అబ్బా ఫఖర్‌గా. నిజమే. మగ్రిబ్ అజాన్ వినగానే ఖజూర్ గింజ ఉమ్మేలోపే అగ్గిపెట్టె తీస్తారన్న సంగతి అమ్మీ చెప్పింది.

మొదటి వారం ఇంట్లో అందరికీ తిట్లే. సోంఫ్, ఇలాచీ నములుతూ నెట్టుకొచ్చారు.

ఆపరేషన్ పొద్దున 7 గంటలకు ఫుప్పు జంజం నీళ్లు, ఖజూర్ తెచ్చింది. "బర్కత్ బేటా, ఒక్కటి తిననీ" అంటే పెద్దావిడకు కాదని ఎలా చెప్పను? నర్సును పిలిచి అడిగాను. జంజం రెండు గుక్కలకు ఇజాజత్ దొరికింది, ఖజూర్‌కు దొరకలేదు. ఫుప్పు వాటిని రుమాలులో ముడివేసి తన దగ్గరే పెట్టుకుంది, కాస్త నారాజ్‌గానే.

తర్వాత డాక్టరమ్మ వచ్చి "బీడీ ఎప్పుడు మానేశారు?" అంది. పరువు కోసం ఝూట్ చెబుతారేమోనని నా గుండె దడదడలాడింది. అబ్బా అమ్మీ వైపు చూడకుండా, "నెలైంది. మధ్యలో ఒకటి తాగాను, తొమ్మిది రోజుల కింద. జనాజాకు వెళ్లినప్పుడు" అన్నారు. అమ్మీ తస్బీహ్ ఆగిపోయింది. డాక్టరమ్మ రాసుకుని, ఛాతీ మీద స్టెత్ పెట్టి చాలాసేపు వింది. ఏమీ అనలేదు. పది గంటలకు తీసుకెళ్లారు.

అల్‌హందులిల్లాహ్, అంతా ఖైరియత్‌గా జరిగింది. సాయంత్రం తినొచ్చని చెప్పాక ఫుప్పు రుమాలు విప్పింది. అబ్బా ఖజూర్ తిని, గింజ ఉమ్మి, అలవాటుగా జేబు కోసం తడుముకున్నారు. ఆస్పత్రి గౌనుకు జేబు లేదు.