నలభై మలుపుల దారి

సెలవులకు సైకిలు యాత్ర అనగానే మన కుర్రవాళ్లు లంకాద్వీపపు కొండలను తలుస్తున్నారు. ఎండా, కొండా, తేయాకు తోటలూ మన గుమ్మం ముందే ఉన్నవి గదా!

పొల్లాచ్చి నుండి వాల్పారై సుమారు 64 కిలోమీటర్లు. ఆళియారు ఆనకట్ట దాకా కొబ్బరితోపుల నడుమ చదును దారి. ఆపైన 40 హెయిర్‌పిన్ మలుపులు. వాల్పారై సముద్రమట్టానికి సుమారు 3,500 అడుగుల ఎత్తున ఉన్నది. తొమ్మిదవ మలుపు వద్ద ఆగి వెనుదిరిగి చూస్తే ఆళియారు నీరు అద్దంవలె కనిపించును. అక్కడ వరయాడు అనే కొండమేకలు తిరుగును. వాటికి తిండి పెట్టరాదు.

ఇది పులుల అభయారణ్యం, ఏనుగుల దారి. కనుక అటవీశాఖ చెక్‌పోస్టులో ముందే విచారించి, అనుమతి ఉంటేనే బయలుదేరవలెను. చీకటి పడకముందే పైకి చేరి, రాత్రి అక్కడే ఉండి, మరునాడు దిగవలెను.

ఎక్కుటకు కాళ్లు, దిగుటకు బ్రేకులు ముఖ్యం. ఎడతెగక నొక్కితే చక్రపు అంచు కాగిపోవును. వదలి వదలి నొక్కవలెను. బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించండి.

మా అబ్బాయి ఒంటరిగా పోతానంటే వాళ్ల అమ్మ ఒప్పుకోలేదు. తోడుగా నేనూ పోతున్నాను. నలభై దాటినవాణ్ణి, సగం మలుపులు నడిపించుకొనిపోయినా తప్పులేదు. మా రెండు బండ్లకు మరి రెండు జత కలిస్తే సంతోషమే.