మందు, డ్యూటీ

మిలటరీ వైద్యం అనగానే మనకు తూటా తీసే సినిమా సీనే గుర్తొస్తుంది. మా మామయ్య ఆర్మీ మెడికల్ కోర్‌లో పదిహేడేళ్ళు నర్సింగ్ అసిస్టెంట్‌గా చేశాడు. "నేను చూసినవన్నీ కాలి బొబ్బలు, బెణుకులు, జ్వరాలు, విరేచనాలేరా" అంటాడు.

చరిత్ర కూడా ఆయన మాటే చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ ఒక లెక్క రాశాడు. 1943లో గాయాలతో వెనక్కి పంపిన ప్రతి ఒక్కరికీ, జబ్బుతో పంపినవాళ్ళు 120 మంది. ఆ జబ్బుల్లో ముఖ్యమైనది మలేరియా. దోమ కడుపులో ఆ పరాన్నజీవిని 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో కనుక్కున్న రొనాల్డ్ రాస్ కూడా సైనిక వైద్యుడే.

యూనిట్‌లో పొద్దున్నే ఒంట్లో బాగోలేనివాళ్ళంతా ఎమ్‌ఐ రూమ్ ముందు లైన్లో నిలబడతారట. డాక్టర్ నిర్ణయాలు ప్రధానంగా మూడు: మందు వేసుకుని డ్యూటీకి పో, బారక్‌లో పడుకో, ఆసుపత్రికి పద. మొదటిదానికి 'మెడిసిన్ అండ్ డ్యూటీ' అని పేరు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే మనకు ఇది సింపుల్ ఇఫ్-ఎల్స్‌లా కనిపిస్తుంది. కష్టమంతా కండిషన్ రాయడంలోనే ఉంది.

ఉదాహరణకు చీలమండ బెణికింది. నాలుగు అడుగులు వేయగలడా? పక్కనుండే ఎముక వెనక అంచు నొక్కితే నొప్పి ఉందా? నడవలేకపోయినా, ఎముక మీద నొప్పి ఉన్నా ఎక్స్-రే తీయించాలి. 1992లో కెనడాలోని ఒటావా డాక్టర్లు పెట్టిన రూల్ ఇది. లేదంటే కట్టు, ఐసు, కాలు ఎత్తుగా పెట్టుకుని విశ్రాంతి. బొబ్బకైతే పైచర్మం పీకకుండా శుభ్రంగా కప్పితే చాలు.

మామయ్య ఇప్పుడు అరకు దగ్గర సొంతూళ్ళో కాఫీ, మిరియాలు చూసుకుంటున్నాడు. పొద్దున్నే అరుగు మీద నలుగురైదుగురు కూర్చునుంటారు. ఆయన సూది వేయడు, మందులు అమ్మడు. ఎవరు ఎక్కడికి పోవాలో మాత్రం చెబుతాడు.

మొన్న వర్షాకాలం సెలవుల్లో నేనక్కడే ఉన్నాను. పై ఊరి నుంచి ఒకామె కబురంపితే ఇద్దరం వెళ్ళాం. పదమూడేళ్ళ కొడుక్కి మూడు రోజులుగా జ్వరం. "ఇయ్యాల ఒళ్ళు సల్లబడిపోనాది తమ్ముడా, ఒక సూదేయించీ, సరిపోద్ది" అంది. మామయ్య థర్మామీటర్ తీయనే లేదు. "ఉచ్చ పోసేడా? నీళ్ళు తాగితే నిలబడతన్నాయా?" అని అడుగుతూ పిల్లాణ్ణి కూర్చోబెట్టబోయాడు. వాడు కూర్చోలేకపోయాడు. పేరడిగితే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేశాడు. ఆశా అక్క వేలు గుచ్చి టెస్టు చేసింది. ఫాల్సిపారం.

"అప్పా, ఇప్పుడే తియ్యాలి" అన్నాడు మామయ్య. బయట వాన. రోడ్డు నాలుగు కిలోమీటర్లు. తెల్లారేక చూద్దామన్నాడు పిల్లాడి తాత. మత్తుగా ఉన్నవాడికి మాత్ర సరిపోదని, ఆర్టిసునేట్ ఇంజెక్షన్ కావాలని, అది ఆసుపత్రిలోనే ఇస్తారని మామయ్య ఓపిగ్గా చెప్పాడు. చెప్పి డోలీ కర్ర ఒక కొస తన భుజానికెత్తుకున్నాడు. రెండో కొస పిల్లాడి బాబాయి, మధ్యలో నేను మార్చుకుంటూ మోశాం. అంబులెన్స్ రోడ్డు మీదికి వచ్చింది. పదిహేను రోజులకి వాడు బడికెళ్ళాడు.

దిగి వస్తుంటే అడిగాను, "యూనిట్‌లో అయితే కూడా ఇలాగే చెప్పేవాడివా?" అని. "అక్కడ తలుపు దగ్గరే బండి ఉంటాదిరా. అరగంట చూసినా చెల్లుద్ది. ఇక్కడ దారి కూడా జబ్బులో లెక్కే" అన్నాడు.

అప్పటినుంచి 'చిన్న జబ్బు' అన్న మాట నాకు సగం వాక్యంలా అనిపిస్తోంది. ఎక్కడ, ఎవరికి, ఎంత దూరంలో అన్నది కలిపితేనే అది పూర్తవుతుంది. కొండల్లో మలేరియా మోసే దోమ పారే వాగుల అంచుల్లో కూడా పుడుతుంది. సిటీలోలా నిలవనీళ్ళు పారబోసినంత మాత్రాన అది పోదు.

మన బ్యాచ్‌లు ప్రతి చలికాలం అరకు వెళ్తుంటాయి కదా. తిరిగొచ్చాక, నెల దాటాక జ్వరం వచ్చినా సరే, డాక్టర్ దగ్గర మొదటి మాటగా "అరకు వెళ్ళొచ్చాను" అని చెప్పండి. రక్తపరీక్ష అడగండి.