లోణారు యాత్ర

యాత్ర యనగానే మనకు కాశీ, రామేశ్వరము, తిరుపతి జ్ఞప్తికి వచ్చును. నేనిప్పుడు మీకు విన్నవింపబోవు చోటునను దేవాలయములున్నవి, తీర్థమున్నది, పురాణగాథయు నున్నది. కాని మమ్మచటికి గొనిపోయినది పుణ్యాపేక్ష కాదు. ఒక పసిదాని భయము.

2025వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున పత్రికలలో వచ్చిన వార్త మీకు జ్ఞాపకముండవచ్చును. అంతకు రెండు మాసములు ముందుగా కనుగొనబడిన యొక గ్రహశకలము 2032వ సంవత్సరమున భూమిని తాకుటకు నూటికి మూడుపాళ్లు అవకాశము కలదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. కొలది దినములకే మరల పరిశీలించి, భూమికి ఆ భయము లేదని వారే తేల్చి చెప్పిరి. కాని మొదటి వార్త పోయినంత వేగముగా రెండవ వార్త పోవదు గదా! పదియేండ్ల మా అమ్మాయి బడిలో మొదటిదానినే విని వచ్చినది. వేసవి వచ్చినను డాబామీద పరుండుటకు రానన్నది. రాత్రి మెలకువ వచ్చినప్పుడెల్ల "అమ్మా, ఆ రాయి మన యింటిమీద పడునా?" అని యడుగును. "పడదు, పండుకొనుము" అని నేననెడిదానను. ఆ మాట దానికిని చాలలేదు, నాకును తృప్తి నీయలేదు.

భయపెట్టు వస్తువును చీకటిలో తలచుకొనుటకన్న పగటివేళ దగ్గరకు బోయి చూచుట మేలని నాకు దోచినది. ఆకాశమునుండి రాయి పడిన చోటు మనకు మరీ దూరమున లేదు. మహారాష్ట్రమున బుల్ఢాణా జిల్లాలో లోణారు అను నూరు కలదు. అచట కమలజాదేవి కోవెల కలదని వినగానే మా అత్తగారును ప్రయాణమైరి.

సికిందరాబాదునుండి మన్మాడు పోవు రైలుమార్గమున మా ప్రయాణము. బాసర యొద్ద గోదావరి దాటునపుడు అత్తగారు కిటికీలోనుండి నాణెము విసరి నమస్కరించిరి. నాందేడు, పర్భణీ దాటి జాల్నాలో దిగితిమి. అచటనుండి మోటారులో తూర్పుగా రెండు గంటలకు పైబడిన ప్రయాణము. దారిపొడవున నల్లరేగడి భూములు, ప్రత్తిచేలు, కందిచేలు. కొండ లేదు, లోయ లేదు. ఏదో వింత చూడబోవుచున్నామను జాడయే కానరాదు. ఊరు చేరిన పిదప చిన్న గట్టువంటిది కనబడినది. దాని నెక్కితిమి. ఎక్కినచో ముందు నేల లేదు!

అంచు దిద్దినట్లు గుండ్రముగా నున్న మహాగర్తము మా పాదముల క్రింద తెరచికొని యుండెను. ఒక యంచునుండి మరియొక యంచునకు సుమారు రెండు కిలోమీటర్లకు కొంచెము తక్కువ. లోతు నూటయేబది మీటర్ల మేర. లోపలి వాలులనిండ దట్టమైన యడవి, అడుగున పచ్చని నీరు. మా అమ్మాయి నా చీరకొంగు పట్టుకొని చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అమ్మా, రాయి యేది?" అని యడిగినది.

దాని ప్రశ్న యుచితమైనదే. పిండిలో గోలీని పడవేసినచో గుంట పడును, గోలీ యడుగున మిగులును. కాని యాకాశమునుండి వచ్చు రాతి వేగము సామాన్యమైనది కాదు. నేలను తాకిన క్షణముననే ఆ వేగమంతయు వేడిగా మారి మహావిస్ఫోటన మగును. రాయి చాలవరకు కరగి ఆవిరియై పోవును. క్రిందనున్న నేల లేచి చుట్టును పడి గట్టు కట్టును. మేము నిలుచున్న గట్టు ఆ విధముగా లేచినదే. ఇంత గొయ్యి త్రవ్విన యా రాయి బహుశః నూరు మీటర్లకంటె పెద్దది కాదని పండితుల యభిప్రాయము.

అత్తగారు మనుమరాలిని దగ్గర కూర్చుండబెట్టుకొని తాము విన్న కథ చెప్పిరి. లవణాసురుడను రాక్షసుడు భూమిలో గుహచేసికొని దాగి యుండి లోకమును బాధించుచుండెను. విష్ణుమూర్తి సుందరరూపము దాల్చి, వాని చెల్లెండ్రవలన వాని యునికి తెలిసికొని, గుహపైని మూతను కాలివ్రేలితో నెగురగొట్టి వానిని సంహరించెను. ఈ నీరు వాని రక్తమనియు, ఇందలి యుప్పు వాని మాంసమనియు జనుల వాడుక. ఊరిలోని దైత్యసూదన దేవాలయము ఆ కథకు గుర్తుగా నిలిచియున్నది. దాని గోడలమీది శిల్పములు చూడదగినవి. పైనుండి యొక దెబ్బ, ఎగిరిపడిన నేల, మిగిలిన యుప్పు! ఈ మూడును కథలోను ఉన్నవి, శాస్త్రములోను ఉన్నవి.

శాస్త్రజ్ఞులు మాత్రము ఈ నిశ్చయమునకు వచ్చుటకు చిరకాలము పట్టినది. 1823లో అలెగ్జాండరను నాంగ్లోద్యోగి దీనినిగూర్చి వ్రాసెను. దక్కను పీఠభూమి యంతయు ఆరున్నరకోట్ల యేండ్లనాటి లావా గడ్డకట్టినది గనుక, ఇదియు నగ్నిపర్వతపు నోరేయని చాలమంది తలచిరి. 1973లో ఇచటి రాళ్లను పరీక్షించినవారికి, మహత్తరమైన తాకిడివలన దప్ప కలుగని గాజువంటి ఖనిజము దొరకినది. అంతటితో సందేహము తీరినది. దీని వయస్సు ఏబదివేల యేండ్లని మునుపు లెక్కించిరి. తరువాతి పరీక్షలలో ఐదులక్షల డెబ్బదివేలని తేలినది.

గట్టుదగ్గరనే గోముఖమను తీర్థము కలదు. ఏడాది పొడవునను ధార యెండదు. మోకాళ్లనొప్పిచే అత్తగారచటనే నిలిచి, దేవికి దూరమునుండియే నమస్కరించిరి. నేనును అమ్మాయియు కాలిబాటను దిగితిమి. నెమళ్లు కూయుచుండెను. నీటియొడ్డున నొకవిధమగు వాసన కొట్టినది. అమ్మాయి నీటిలో వ్రేలు ముంచి, "సబ్బునీళ్లవలె జారుచున్నదే!" అన్నది. పైకి వచ్చి చెప్పగా అత్తగారు నవ్వి, "చౌడు నీళ్లు గదే తల్లీ! మా చిన్ననాట చౌడుమంటితోనే బట్టలుదుకుకొనెడివారము" అనిరి. ఆమె చెప్పినది నిజమే. ఈ సరస్సునుండి తీసిన క్షారమును పూర్వము సబ్బు చేయుటకు వాడుచుండిరి. ఈ నీటిలో చేపలు బ్రతుకవు గాని కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది కలవు. 2020 జూన్ మాసమున నీరు తగ్గి యుప్పు హెచ్చగా, అట్టి జీవులవలననే సరస్సంతయు గులాబిరంగునకు మారినది.

అదే సంవత్సరమున దీనికి అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపు వచ్చినది. అయినను ఊరి మురుగునీరు ఇందు చేరుచున్నదని ఉన్నతన్యాయస్థానమువరకు వ్యాజ్యము నడచినది. లక్షలయేండ్ల యెండవానలకు చెడని గుర్తును మన యిండ్ల కాలువనీరు చెడగొట్టుట యెంత లజ్జాకరము!

ఆ సాయంకాలము గట్టుమీద కూర్చుండి అమ్మాయికి రాళ్ల పుట్టిల్లు చెప్పితిని. అంగారకునకును గురునకును నడుమ వానిలో పెక్కు తిరుగుచుండును. 1801వ సంవత్సరము జనవరి 1వ తేదీని ఇటలీ ద్వీపమగు సిసిలీలో పియాజ్జి యను జ్యోతిష్కుడు మొదటిదానిని కనిపెట్టి, రోమనుల ధాన్యదేవతయగు సెరెస్ పేరు పెట్టెను. 1802లో కనబడిన దానికి విద్యాధిదేవత పాలస్ పేరు, 1804లో వివాహదేవత జూనో పేరు, 1807లో పొయ్యికి దేవతయగు వెస్టా పేరు పెట్టిరి. అన్నము, విద్య, దాంపత్యము, పొయ్యి! మన గృహధర్మమంతయు నచట తిరుగుచున్నదని నేననగా అత్తగారు మెచ్చుకొనిరి. నేడు తెలిసిన గ్రహశకలములు పదిలక్షలకు మించినవి. అయినను ఆ నడిమి వలయములోని వాని నన్నిటిని ముద్దచేసినను చంద్రునిలో నూటికి మూడుపాళ్లే యగునట!

"అయితే మనమీద పడునా, పడదా?" అని యది విడువక యడిగినది.

ఈసారి నేను "పడదు" అనలేదు. "చిన్నచిన్నవి ప్రతిదినమును పడుచున్నవి, నీవు చూచు ఉల్కలవియే. ఇంతటి గొయ్యి త్రవ్వునది వేలయేండ్లకొకటి రావచ్చును. 2013లో రష్యాలోని చెల్యాబిన్‌స్క్ నగరముమీద ఇరువది మీటర్ల రాయి గాలిలోనే ప్రేలినది. ఎవరును చనిపోలేదు గాని, మెరుపు చూచి కిటికీలయొద్దకు పరుగెత్తిన చాలమందికి అద్దములు పగిలి గాయములైనవి. అట్టి మెరుపు కనబడినచో కిటికీకి దూరముగా పోవలెను. 2022లో డైమార్ఫస్ అను శకలమును అమెరికావారు నౌకతో ఢీకొట్టించి చూచిరి. అది తన పెద్దదానిని చుట్టివచ్చు కాలము అరగంటకు పైగా తగ్గినది. కనుక ముందుగా తెలిసినచో త్రోవ తప్పించుటకు వీలు కలదు. ముందుగా తెలిసికొనుటకే ప్రతిరాత్రియు దూరదర్శినులతో వెదకుచున్నారు" అని తెలిసినంతయు చెప్పితిని.

అది కొంతసేపు ఆలోచించి, "అయితే రాత్రులందు మేలుకొని చూచువారున్నారన్న మాట" అన్నది.

"ఉన్నారు" అంటిని.

ఇల్లు చేరిన రాత్రి తన చాపను తానే డాబామీదికి తీసికొనిపోయినది. నడిరేయి నన్ను తట్టి లేపినది గాని, భయపడి కాదు. తూర్పున నొక యుల్క రాలినదట; నేను చూడలేకపోతినని దాని విచారము. సోదరీమణులారా! బిడ్డ భయపడినప్పుడు "ఏమియు లేదు" అని కప్పిపుచ్చుట మనకు సులభము. ఏమున్నదో చెప్పుటకు కొంత తెలిసికొనవలెను, ఒక్కొక్కప్పుడు కొంత దూరము పోవలెను. వీలైనచో మీ పిల్లలతో లోణారు చూచి రండు.