హఫీజ్‌పేటలో నూటపది డిగ్రీలు

రాజమండ్రిలో రాత్రి ఎక్కిన రైలు తెల్లవారిన తరువాత మనల్ని లింగంపల్లిలో దింపుతుంది. దారిలో హఫీజ్‌పేట మీదుగానే పోతుంది గాని అక్కడ ఆగదు. కనుక లింగంపల్లిలో దిగి, మూటా ముల్లె సర్దుకుని, వచ్చిన దారినే లోకల్ బండిలో రెండు స్టేషన్లు వెనక్కు రావాలి. మొదట చందానగర్, ఆ తరువాత హఫీజ్‌పేట. ఇంకొక్క స్టేషను ముందుకు పోతే హైటెక్ సిటీ. ఈ లోకల్ బండ్లు 2003లో వచ్చినవే. పట్టాల దారి మాత్రం పాతది. నిజాము కాలంలో, 1874లో, వాడి జంక్షను నుంచి సికింద్రాబాదుకు వేసిన దారి ఇదే.

హఫీజ్‌పేట కూడా ఒక యాత్రాస్థలమేనా అని మీరు నవ్వవచ్చు. యాత్ర అంటే తిరుపతి కొండో, అరకులోయో, కాకపోతే నాగార్జునసాగరమో కావాలి మనకు. ఇక్కడ మా చెల్లెలి కాపురం తప్ప నాకు వేరే ఆకర్షణ లేని మాట నిజమే. కాని ఈసారి వెళ్ళినప్పుడు మా మేనల్లుడు నా చేతిలో ఒక లెన్సు పెట్టి, “మామయ్యా, ఈ శనివారం దీంతో ఊరు చూసిరండి. ఊరు చిన్నదేగాని అద్దం పెద్దది” అన్నాడు. వాడు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. జీతంలో సగం కెమేరాలకు తగలేస్తున్నాడని వాళ్ళమ్మ ఫిర్యాదు.

పెద్ద అద్దమన్నాడు గాని, నిజానికి అది పిడికిట్లో ఇమిడిపోయే వస్తువు. దాని పేరు పదిహేను ఎం.ఎం. హెలియార్. ఒకప్పుడు వియన్నాలో 1756లో పుట్టిన వోయిట్‌లాండర్ అనే పాత పేరుతో, జపానులోని కొసీనా కంపెనీ 1999 నుంచి తయారు చేస్తున్న రకం. దీని విశేషం ఏమిటంటే, మామూలు యాభై ఎం.ఎం. లెన్సు ఈ మూల నుంచి ఆ మూలకు 47 డిగ్రీల మేర చూస్తే, ఇది 110 డిగ్రీలు చూస్తుంది. ఇంకోవిధంగా చెబుతాను. ఒక గోడకు పది అడుగుల దూరంలో నిలబడ్డామనుకోండి. యాభై ఎం.ఎం. లెన్సులో ఆ గోడ ఏడడుగుల వెడల్పున పడుతుంది. ఇందులో ఇరవైనాలుగు అడుగులు పడుతుంది! పెళ్ళిలో వియ్యాలవారినందరినీ ఒక్క ఫోటోలో ఇరికించవచ్చునన్నమాట. ఆ పని ఎందుకు చేయరాదో తరువాత చెబుతాను.

రెండో విశేషం, దీనికి తనంతట తాను దృష్టి కుదుర్చుకునే యంత్రం లేదు. ఈ రోజుల్లో ఫోనులు కూడా మొహం చూసి గుర్తుపట్టి తామే స్పష్టంగా తీస్తుంటే, ఇంకా చేత్తో తిప్పుకోవటం దేనికి అని మా బావగారి ప్రశ్న. సమాధానం చాలా సులభం. ఇటువంటి లెన్సుకు తిప్పవలసిన అవసరమే రాదు. ఎపర్చరు ఎనిమిది దగ్గర పెట్టి, దూరం ముళ్ళు మూడడుగుల దగ్గర ఉంచితే, అడుగున్నర దూరం నుంచి ఆకాశం అంచుదాకా అంతా స్పష్టంగానే పడుతుంది. పొద్దున్న ఒకసారి సర్ది, సాయంత్రందాకా మరిచిపోవచ్చు. గడియారానికి తాళమిచ్చినంత పని. యంత్రం ఉన్న కెమేరా ‘దేన్ని స్పష్టంగా తీయమంటావు?’ అని ప్రతిసారీ వెతుక్కుంటుంది. దీనికి ఆ సందేహం లేదు.

మరి కష్టం ఎక్కడ ఉందంటారా? ఎక్కడ నిలబడాలన్న దాంట్లో ఉంది.

స్టేషను దగ్గర పట్టాల మీదుగా మియాపూరు వైపు వెళ్ళే పెద్ద వంతెన ఉన్నది. నేను మొదట దాని మీదకు ఎక్కాను. ఎత్తు మీద నుంచి ఊరంతా పడుతుంది గదా అని ఎవరికైనా తోస్తుంది. నిజంగానే అంతా పడింది. పట్టాలు, కరెంటు తీగలు, నీళ్ళ టాంకులు, ఇరవై అంతస్తుల మేడలు, వాటి వెనుక ఇంకా కడుతున్న మేడలు, వాటి మీద క్రేనులు. అన్నీ పడ్డాయి గాని ఏదీ కనిపించలేదు. మేడలు అగ్గిపెట్టెలంత అయిపోయాయి. ముప్పాతిక బొమ్మ ఉత్త ఆకాశం, తక్కిన పాతిక ఉత్త తారురోడ్డు. మేడల కోసం కెమేరా తల కొంచెం పైకెత్తితే అవి తాగినవాళ్ళలా ఒకదాని మీద ఒకటి వెనక్కు వాలుతున్నాయి. మేనల్లుడు నవ్వి, “దూరంగా ఉన్నదాన్ని ఇది లెక్కచేయదు మామయ్యా. కిందికి దిగి దేనికైనా దగ్గరగా వెళ్ళండి” అన్నాడు.

కింద పాత ఊరి సందులో ఒక ఛాయ్ దుకాణం ఉంది. గిన్నెకు రెండడుగుల దూరంలోకి కెమేరా తీసుకువెళ్ళాను. ఒక్కసారిగా అంతా మారిపోయింది. గిన్నె గుడి గంటంత అయింది. పాల ఆవిరి వెనుక దుకాణదారు, ఆయన వెనుక సందు, సందు చివర స్కూలుకు పోయే పిల్లలు, వాళ్ళ తలల మీదుగా అద్దాల మేడ ఒకటి. ఒక్క బొమ్మలో ఒక ఊరంతా వరుసలో నిలబడింది. దుకాణదారు మాత్రం ఉలిక్కిపడి, “ఏంది సార్, గింత దగ్గరికొస్తున్రు! నా ముక్కు తీస్తరా ఏంది?” అన్నాడు. ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, “దుకాణం మంచిగ పెద్దగొచ్చింది సార్. అసలు ఇంత జాగ ఉంటే ఇంకో బెంచీ ఏస్తుంటి” అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. ఆ మాట నాకు ఆ రోజు హాస్యంగానే తోచింది.

ఈ లెన్సుతో మనుషుల్ని తీయాలంటే వాళ్ళతో మాట్లాడాలి. రోడ్డు అవతల నుంచి దొంగచాటుగా తీయటం కుదరదు. రెండడుగుల దూరంలో నిలబడి నోరు మెదపకుండా ఉంటే తన్నులు తింటాం. నాకు ఇది దీని గొప్ప గుణమనిపించింది.

అక్కడి నుంచి కొండాపూరు రోడ్డు మీదుగా కొత్తగూడ దగ్గర ఉన్న బొటానికల్ తోటకు వెళ్ళాను. కోట్ల విజయభాస్కరరెడ్డిగారి పేరు పెట్టిన తోట. చెట్లు చూడటానికి వచ్చేవాళ్ళే ఎక్కువ గాని నేను బండల కోసం వెళ్ళాను. హైదరాబాదు చుట్టూ ఉన్న ఈ నల్లసేనపు బండలు సుమారు 250 కోట్ల ఏళ్ళనాటివి. ఒకదాని మీద ఒకటి ఎవరో పిల్లలు ఆడుకుని వదిలేసినట్టు నిలబడి ఉంటాయి. ఎవరూ పేర్చలేదు. నేలలోపల పగుళ్ళుబారిన శిల, పైమట్టి కొట్టుకుపోయాక అలా బయటపడింది. నగరం ఇటు పెరుగుతున్నకొద్దీ వీటిని పేల్చి కంకర చేసి, ఆ కంకరతోనే మేడలు కట్టారు. మిగిలినవాటినైనా కాపాడాలని 1996లో ఇక్కడ ఒక సంఘం కూడా పుట్టింది.

ఒక బండకు అడుగున్నర దూరంలో కూర్చుని తీశాను. బండ మీది చారలు, చీమల బారు, నాచు, అన్నీ పడ్డాయి. వెనుక వరసగా ఉన్న మేడలు బండ పాదాల దగ్గర చెల్లాచెదరైన చాక్‌పీసుల్లా ఉన్నాయి. బయట రోడ్డు మీద నిలబడి చూస్తే మేడలే పెద్దవి, బండ చిన్నది. వయస్సు లెక్కన చూస్తే ఈ బొమ్మే సరిగా ఉందేమో!

ఫోటోల మాట వచ్చింది గనుక సికింద్రాబాదు రాజా దీనదయాళ్‌గారిని తలుచుకోకుండా పోలేం. 1844లో సర్ధానాలో పుట్టి, ఆరవ నిజాముకు ఆస్థాన ఛాయాచిత్రకారుడైన మహానుభావుడు ఆయన. గాజు పలకలు, చెక్కపెట్టె కెమేరా, మూడుకాళ్ళ పీట, మోసేందుకు మనుషులు, ఇంత సంరంభంతో కోటలూ దర్బారులూ తీశాడు. 1905లో కాలం చేశాడు. అంతకు ఐదేళ్ళ ముందే, 1900లో, జర్మనీలో గోర్జ్ కంపెనీవారు హైపర్‌గాన్ అనే లెన్సు తెచ్చారు. 130 డిగ్రీలకు పైమాటే. ఇంత వెడల్పు చూసే అద్దానికి ఒక జబ్బు ఉంటుంది. బొమ్మ నడుమ వెలుతురు ఎక్కువ, మూలల్లో బాగా తక్కువ. దానికి వాళ్ళు చేసిన వైద్యం ఏమిటో తెలుసునా? లెన్సు ముందు నక్షత్రం ఆకారంలో ఒక చిన్న విసనకర్ర పెట్టి, రబ్బరు బుడ్డి నొక్కి గాలితో గిరగిరా తిప్పేవారు. అది నడిమి వెలుతురును కాసేపు అడ్డుకుని, మూలలు పుంజుకున్న తరువాత పక్కకు తప్పుకునేది. ఇప్పటి లెన్సుల్లో గాజు పలుకుల అమరిక మారింది గనుక విసనకర్ర అవసరం లేదు గాని, మూలల చీకటి పూర్తిగా పోలేదు.

సాయంత్రం అందరం దుర్గం చెరువుకు వెళ్ళాం. 2020 సెప్టెంబరులో తెరిచిన తీగల వంతెన చూడనిదే హైదరాబాదు వచ్చినట్టు కాదని మా చెల్లెలి అభిప్రాయం. ఒకప్పుడు గోల్కొండకు నీళ్ళిచ్చిన చెరువు మీద నడిమి అంగ ఒక్కటే 233 మీటర్లకు పైగా ఉన్నది. వచ్చినవాళ్ళందరూ సూర్యాస్తమయం తీస్తున్నారు. నేనూ తీశాను. నా బొమ్మలో సూర్యుడు ఆవగింజంత! దుప్పటంత ఆకాశంలో ఎక్కడున్నాడో వెతుక్కోవలసి వచ్చింది. అక్కడే కుటుంబం ఫోటో కూడా తీశాను. ఇందాక చెబుతానన్నది ఇదే. బొమ్మ అంచుల దగ్గర నిలబడినవాళ్ళను ఈ లెన్సు పక్కకు సాగదీస్తుంది. మూలకు చేరినకొద్దీ గుండ్రని తల కోడిగుడ్డవుతుంది. అసలే కొంచెం భారీగా ఉండే మా బావగారు చివర నిలబడ్డారు. ఆ ఫోటోను మేనల్లుడు ఇంతవరకు ఆయనకు చూపించలేదు. మీ ఫోనులో 0.5 అని ఉండే మీట ఉంటే అది కూడా ఈ జాతిదే, దాదాపు పదమూడు ఎం.ఎం. కింద లెక్క. పెళ్ళి గుంపుల్లో దాన్ని నొక్కేముందు చివర ఎవరు నిలబడ్డారో చూసుకోండి.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా చెల్లెలు ఒక రంగుల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. హఫీజ్‌పేట దగ్గరే కడుతున్న అపార్టుమెంట్ల పుస్తకం. వాళ్ళున్నది అద్దె ఇల్లు. సోమవారం బయానా ఇవ్వాలని నిశ్చయించుకున్నారు. “ఈ గది అమ్మకన్నయ్యా. అమ్మ పందిరిమంచం ఇక్కడ వేస్తాం. నీ దగ్గర ఉన్నన్నాళ్ళు ఉంది, ఇక నా దగ్గర ఉంటుంది” అంది. మాదిరికి తయారు చేసి చూపిన గది ఫోటో అది. నిజంగా దేవిడీలోని హాలులా ఉంది. కిటికీ ఎక్కడో అల్లంత దూరాన వెలుగుతోంది.

పొద్దుటి నుంచి అదే అద్దంలోంచి చూస్తున్నవాణ్ణి గనుక నా చూపు మూలలకు పోయింది. మూలగా వేలాడుతున్న గుండ్రని దీపం కోలగా ఉంది. గది రెండు పక్కల గోడలూ నిండుగా కనిపిస్తున్నాయి. అంటే తీసినవాడు గది మూలలో వీపు ఆనించి నిలబడి, నూరు డిగ్రీల అడ్డం పట్టే లెన్సుతో తీశాడన్నమాట. ఇలా తీస్తే పన్నెండడుగుల గది, మామూలు లెన్సుకు అలవాటుపడిన కంటికి నలభై అడుగుల వసారాలా తోస్తుంది. ఫోటో అబద్ధమాడిందని అనలేం. అది తీసిన చోటి నుంచి అంతే కనిపిస్తుంది. మనం చూడవలసిన చోటి నుంచి చూడటం లేదు, అంతే. జానెడు వెడల్పున్న అటువంటి బొమ్మను ఒంటికన్నుతో నాలుగంగుళాల దూరంలో పెట్టుకు చూస్తే, హాలు ముడుచుకుని మళ్ళీ గది అవుతుంది. చత్వారం వచ్చినవాళ్ళు భూతద్దం పెట్టుకోవలసి ఉంటుంది.

అంతకన్నా తేలిక ఉపాయం నేల మీద ఉంది. లెన్సు టైల్సును సాగదీయగలదు గాని వాటి సంఖ్య పెంచలేదు. “టైలు ఎంతుంటుందర్రా?” అని అడిగాను. రెండడుగులది వేస్తామని ఆ పుస్తకంలోనే వేరే పేజీలో అచ్చువేశారు. బావగారు కళ్ళజోడు తీసుకుని లెక్కపెట్టారు. వెడల్పున ఐదు. పొడుగున ఐదున్నర.

పది అడుగులు, పదకొండు అడుగులు. అమ్మ పందిరిమంచం ఏడడుగుల పొడుగు, ఐదున్నర వెడల్పు. మా తాతగారు చేయించినది. అది వేసి బీరువా పెడితే బీరువా తలుపు తెరుచుకోదు. బల్ల దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు ఆదివారం టేపు తీసుకుని వెళ్ళి కొలిచారు. టైల్సు లెక్క తప్పలేదు.

ఇల్లు కొన్నారా అంటే, కొన్నారు. పిల్లవాడి ఆఫీసు దగ్గర, స్టేషను దగ్గర, ఇంతకన్నా పెద్దది వాళ్ళ శక్తికి మించినది. గది కొలత తెలిసే కొన్నారు. పందిరిమంచం మాత్రం రాజమండ్రిలోనే ఉంది. వేరే మంచం కొంటాం రమ్మని చెల్లెలు వారం వారం ఫోను చేస్తున్నది. సంక్రాంతికి వచ్చి పది రోజులుంటాను గాని, ఆ తరువాత తన మంచం దగ్గరికి తాను వెళ్ళిపోతానని అమ్మ చెబుతున్నది.