జిప్పు దగ్గరే మొదలయ్యే పాఠం

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్‌లో స్టోనీ కోవ్ ఒకప్పటి గ్రానైట్ క్వారీ. 1958లో తవ్వకం ఆగిపోయాక ఊటనీళ్లు దాన్ని నింపేశాయి. ఇప్పుడది డైవింగ్ నేర్చుకునేవాళ్ల బడి. నీటి అడుగున గట్లు అంచెలంచెలుగా దిగుతాయి: మొదటిది దాదాపు 6 మీటర్ల లోతున, తర్వాతది 20, అట్టడుగు 35. 2000లో ఇక్కడ ముంచిన స్టేన్‌గార్త్ అనే పాత టగ్ పడవ గురించి చెప్పాలని మా వెంట వచ్చినాయన ఉబలాటపడ్డాడు. కానీ కార్లు ఆపేచోట ఒక శిక్షకుడి చేతుల పనితనం చూశాక అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

ఆయన ఒక అమ్మాయికి డ్రై సూట్, అంటే లోపలికి నీళ్లు రానివ్వని డైవింగ్ దుస్తులు, తొడుక్కోవడం నేర్పుతున్నాడు. మెడ దగ్గరి లేటెక్స్ పట్టీకి లోపలివైపు పౌడర్ రాశాడు. గోళ్లు తగలకుండా రెండు అరచేతులతో దాన్ని వెడల్పు చేసి చూపించాడు. ఆ అమ్మాయి తల దూర్చింది. పట్టీ కింద ఇరుక్కున్న నాలుగు వెంట్రుకలను ఒక్కొక్కటే బయటికి తీయించాడు. ఒక్క వెంట్రుక పక్కనుంచి కూడా నీళ్లు లోపలికి పాకుతాయి. భుజాల వెనకున్న ఇత్తడి పళ్ల జిప్పుకు మైనం పట్టించి, నిదానంగా లాగి, చివరి పన్ను మూసుకుందో లేదో వేలితో తడిమి చూశాడు. తర్వాత ఆమెను గొంతుకూర్చోబెట్టి, మెడపట్టీ కాస్త ఎత్తి, లోపలున్న గాలిని బయటికి పంపేయించాడు.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, నీరు ఒంటి వేడిని గాలికన్నా పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది. సూట్ లోపల వేసుకున్న మందపాటి బట్టలూ, వాటిలో నిలిచిన గాలీ ఒంటిని కాపాడతాయి. ప్రమాదం తెచ్చిపెట్టేదీ ఆ గాలే. లోతుకు దిగేకొద్దీ అది కుంచించుకుపోయి సూట్ ఒంటిని నొక్కేస్తుంది, ఛాతీ మీది వాల్వ్‌తో గాలి నింపుకోవాలి. పైకి వచ్చేటప్పుడు అదే గాలి ఉబ్బుతుంది. 10 మీటర్ల లోతు నుంచి ఉపరితలానికి వచ్చేసరికి దాని పరిమాణం రెట్టింపు. వదలడానికి ఎడమ జబ్బ మీద ఇంకో వాల్వ్ ఉంటుంది. తల కిందికి, కాళ్లు పైకి అయ్యాయంటే గాలి పాదాల్లోకి చేరిపోతుంది, ఆ వాల్వ్ ఎందుకూ పనికిరాదు. మనిషి కాళ్లు ముందుగా పైకి తేలిపోతాడు. వెంటనే మోకాళ్లు ముడిచి, పల్టీ కొట్టి, నిటారుగా వచ్చి గాలి వదలాలి. 6 మీటర్ల గట్టు మీద ఆ అమ్మాయి చేత ఆయన ఇదే పదేపదే చేయించాడు.

పక్క బల్ల దగ్గర సాటి శిక్షకురాలితో ఆయన గోడు వెళ్లబోసుకోవడం వినిపించింది. ఖరీదైన సూట్ కొంటారు గానీ ఈ పల్టీ నేర్చుకునే ఓపిక ఉండదట. టగ్ పడవ దగ్గర ఫొటో కోసం తొందరపెడతారట. ఆయన మాటలో న్యాయం ఉంది. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ (PADI) డ్రై సూట్ కోర్సు సర్టిఫికెట్ కార్డుకు అడిగేది ఈతకొలనులాంటి చోట ఒక సాధన, ఆరుబయటి నీళ్లలో రెండు డైవ్‌లు. ఆ కార్డు ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి: ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రా చీలికలో నీళ్లు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలు. అక్కడ డైవ్ చేయాలంటే డ్రై సూట్ సర్టిఫికెట్ గానీ, ఆ సూట్‌లో చేసిన 10 డైవ్‌ల రికార్డు గానీ చూపించాలి. రెండు డైవ్‌ల కార్డును పది డైవ్‌ల అనుభవంతో సమానంగా లెక్కగట్టడం ఎలా సబబు?

ఉత్తర అమెరికాలో, ఐరోపాలో స్థిరపడ్డ మన పిల్లలు ఈ విద్య వైపు వెళితే, కార్డు చేతికొచ్చాక కూడా తక్కువ లోతులోనే, శిక్షకుడి పక్కనే మరో పది డైవ్‌లు చేయాలి. కోర్సులు నడిపే సంస్థలు కూడా తాము అడిగే డైవ్‌ల లెక్కను పెంచాలి.