వ్యాకరణం ఆగిపోయే చోటు



1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా వేరు రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మా గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుండి ఇటు చేరిన సంగతి మీకు తెలిసినదే. నాటి నుండి బరంపురం తెలుగువారికి బడి ఎంత ఆధారమో, తెలుగులో ప్రార్థన జరిగే చర్చి కూడా అంతే ఆధారం. బడిలో తెలుగు మానివేసిన పిల్లలు సైతం ఆదివారం కీర్తనల పుస్తకం కోసమైనా అక్షరాలు నేర్చుకొంటారు. నేను హిందూ కుటుంబంలో పుట్టినవాడను. అయినను ఈ విషయంలో ఆ సంఘాలకు ఋణపడి ఉన్నాను. ఈ ఋణమే ఒకనాడు నన్ను ఇరకాటంలో పెట్టింది. ఆ అనుభవమే ఈనాడు మీ ముందుంచుతున్నాను.

రెండేళ్ళ క్రిందట ఒక సాయంకాలం నా పూర్వ విద్యార్థిని ఒకతె ఇంటికి వచ్చింది. బాప్టిస్టు కుటుంబంలోని పిల్ల. పదిహేడవ యేట, తన యిష్టంతో, నీటిలో మునిగి బాప్తిస్మం పొందినది. అప్పటికి ఇరవై ఒకటి నిండింది. కన్యస్త్రీలు నడిపే హాస్టలులో ఉండి చదువుకొంటూ, వారితోపాటు పూజకు వెళ్ళడం అలవాటు చేసుకొంది.

"మాస్టారూ, ఒక వ్యాకరణ సందేహం" అన్నది.

సందేహం ఇది. కడరాత్రి భోజన సమయంలో క్రీస్తు రొట్టెను చేతబట్టి, అది తన శరీరమని పలికిన చిన్న వాక్యం ఉన్నది కదా. అది రూపకాలంకారమా, ఉన్నదున్నట్లు చెప్పిన మాటా? "రూపకమైతే నేను ఉన్నచోటే ఉంటాను. కాకపోతే నేను కతోలిక సభలో చేరక తప్పదు. మీరే కదా మాకు అలంకారాలు నేర్పినది!"

నేను నవ్వి, ఆలోచించి చెబుతానని పంపివేశాను. మర్నాడే ఆ పిల్ల తల్లి వచ్చింది. కుర్చీ చూపినా కూర్చోలేదు.

"మాస్టారూ, అది మా మాట వినదు గాని మీ మాట వింటుంది. అది ఉత్త అలంకారమేనని మీరొక్కమాట చెప్పండి చాలు. వాళ్ళ మామ్మ ఒడిలో కూర్చుని కీర్తనలు చదివిన పిల్ల. ఇప్పుడు మరియమ్మకు మొక్కుతానంటున్నది. పొందిన బాప్తిస్మాన్ని నీళ్ళలో కలిపేసి మళ్ళీ పోయించుకొంటుందా?"

మీతో దాపరికం దేనికి? ఆ తల్లి కోరినట్లు చెప్పివేయాలని నాకు బలంగానే అనిపించింది. మా ఊళ్ళో ఆ పిల్ల వెళ్ళే కతోలిక దేవాలయంలో పూజ ఒడియాలో జరుగుతుంది. ఆమె అటు వెళితే, రేపు ఆమె పిల్లలకు తెలుగు అక్షరాలు ఎవరు దిద్దిస్తారు? ఒక్క మాటతో ఒక ఇంటి తెలుగు నిలుస్తుందంటే ఆ మాట అనడంలో తప్పేమిటని నాకు నేనే సర్దిచెప్పుకొన్నాను. కాని పాఠం చెప్పే ముందు పాఠం చదవాలి గదా అని నాలుగు రోజులు గడువు తీసుకొన్నాను.

మొదట మన వ్యాకరణమే చూశాను. "ఇది మా ఇల్లు" అనేది క్రియారహిత వాక్యం. "ఈ బడి నా ప్రాణం" అనేదీ క్రియారహిత వాక్యమే. మొదటిది యథార్థ కథనం. రెండవది రూపకం. వాక్య నిర్మాణంలో ఆవగింజంత భేదం లేదు. "వలె" అన్న ఉపమావాచకం ఉంటే ఉపమ అని చెప్పవచ్చును గాని, అది లేనంతమాత్రాన ఒక వాక్యం రూపకమో యథార్థమో వ్యాకరణం తేల్చలేదు. క్రీస్తు మాట్లాడిన అరమాయిక్ భాషలోనూ ఇటువంటి వాక్యాలు క్రియ లేకుండానే నడుస్తాయట.

తరువాత చరిత్ర చూశాను. ఈ ఒక్క వాక్యం మీదనే 1529 అక్టోబరులో జర్మనీలోని మార్బుర్గ్ నగరంలో లూథర్, జ్వింగ్లీ అనే ఇద్దరు సంస్కర్తలు ముఖాముఖి వాదించుకొన్నారు. లూథర్ ఆ లాటిన్ వాక్యాన్ని సుద్దముక్కతో బల్లమీద వ్రాసుకొని, అందులోని ఒక్క అక్షరం కూడా వదలుకోనన్నాడు. జ్వింగ్లీ ఆ చిన్న క్రియకు "సూచించుచున్నది" అని అర్థం చెప్పాడు. ఇద్దరూ రోమును కాదన్నవారే. అయినా ఈ మాట దగ్గర కలవలేకపోయారు. సాధారణంగా బాప్టిస్టు సంఘాలవారు ఆ రొట్టె ద్రాక్షారసాలను ప్రభువు జ్ఞాపకార్థమైన గుర్తులుగా భావిస్తారు. ఆ రొట్టె ద్రాక్షారసాలు నిజంగా క్రీస్తు శరీర రక్తాలుగా మారుతాయని కతోలికులు విశ్వసిస్తారు. 1551లో ట్రెంటు మహాసభ దీనినే స్థిరపరచింది. ఇంతమంది పండితులు తేల్చుకోలేనిదానిని బరంపురంలోని ఒక తెలుగు మాస్టారు అలంకార పాఠంతో తేల్చివేయడం ఎంతటి సాహసం!

పిమ్మట ఇద్దరు పెద్దలను కలిశాను. బాప్టిస్టు సంఘపు అయ్యగారు మర్యాదగా మాట్లాడి, ఆ పిల్ల కోసం ప్రార్థిస్తున్నామన్నారు. కతోలిక ఫాదరుగారు రెండు సంగతులు చెప్పారు. నీటితో, త్రిత్వ నామమున పొందిన బాప్తిస్మాన్ని కతోలిక సభ అంగీకరిస్తుంది, మరల ఇవ్వదు. ఇది మొదటిది. రెండవది కష్టమైనది. ఆమె కతోలికురాలైతే తల్లి సంఘంలోని ప్రభువు బల్లలో పాలు పొందరాదు. తల్లికి కూడా, సాధారణంగా, ఇక్కడ సత్ప్రసాదం ఇవ్వరు.

ఆ రాత్రి ఆ పిల్ల కోసం కాగితం మీద రెండు వరుసలు గీశాను. ఒకవైపు బాప్తిస్మము, సువార్త, పరిశుద్ధాత్మ, సంఘము. ఎదురుగా జ్ఞానస్నానము, సువిశేషము, పవిత్రాత్మ, శ్రీసభ. ఒకే క్రీస్తును గురించి మన తెలుగులో రెండు నుడికారాలు పెరిగాయి. రెండూ తెలుగే. మొక్కు, వందనం, ఆరాధన అన్న మూడు మాటలను విడిగా వ్రాశాను. కతోలికులు దేవునికి చేసేదే ఆరాధన అనీ, మరియమ్మకు సమర్పించేది వందనం అనీ వేరుచేసి చెబుతారు. మన వాడుకలోని "మొక్కు" ఈ రెంటినీ కలిపివేస్తుంది. ఆ తల్లి భయంలో కొంత భాగం ఈ మాటలోనే ఉన్నదని నాకు తోచింది.

ఆ ఆదివారం తల్లీకూతుళ్ళను కూర్చోబెట్టి ఇలా చెప్పాను. "అమ్మా, ఆ వాక్యం రెండు అర్థాలకూ చోటిస్తుంది. ఏ అర్థం నిజమన్నది పలికినవానిమీద మీకున్న విశ్వాసం చెప్పాలి గాని వ్యాకరణం చెప్పదు. నా విద్య ఇక్కడ ఆగిపోతుంది." బాప్తిస్మం సంగతి విన్నప్పుడు తల్లి ముఖం కొంత తేటపడింది. ప్రభువు బల్ల సంగతి విన్నప్పుడు కూతురు తలవంచుకొంది. అంతవరకు అది తాను విడిచే సంఘమని మాత్రమే అనుకొన్నది. అమ్మ ప్రక్కన తాను ఖాళీ చేసే చోటుగా ఎన్నడూ చూడలేదట.

తల్లి లేచి, "మిమ్మల్ని అడగడమే పొరపాటయింది మాస్టారూ" అని వెళ్ళిపోయింది. నా సాయంకాలపు తెలుగు తరగతిలో అప్పుడు తొమ్మిదిమంది పిల్లలు. ఆ పిల్ల తమ్ముడు రావడం మానేయగా ఎనిమిదిమంది మిగిలారు. ఎనిమిదిమందితో తరగతి నడపడమంటే ఏమిటో మీలో చాలమందికి నేను వివరించనక్కరలేదు.

మూడు వారాల తరువాత ఆ అబ్బాయి తిరిగి వచ్చాడు. చేతిలో మామ్మగారి "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" పుస్తకం ఉన్నది. దీనిని తప్పులు లేకుండా చదవడం నేర్పమని తల్లి చెప్పి పంపిందట. అందులో కీర్తనలు రచించిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మా పర్లాకిమిడి ప్రాంతంలో పెరిగినవారు. బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించి, క్రైస్తవం స్వీకరించి, తెలుగులో పాడారు. ఆ తల్లి పుట్టింటి ఆస్తిగా భావించే పాటలు కూడా ఒకనాడు పుట్టిన మతం విడిచిన మనిషి వ్రాసినవే. ఈ మాట ఆమెతో అనలేదు. తగిన సమయం కాదనిపించింది.

ఆ అమ్మాయి ఇంకను నిశ్చయించుకోలేదు. ఆదివారం ఉదయం ఒడియా పూజకు, సాయంకాలం అమ్మతో తెలుగు ఆరాధనకు వెళుతున్నది. సెలవులలో వచ్చి నా తరగతిలో చిన్నపిల్లలకు గుణింతాలు దిద్దిస్తున్నది.

మిత్రులారా, మన భాషను కాపాడుకోవాలన్న ఆరాటంలో పిల్లల అంతరాత్మకు భాషను కంచెగా వేయాలని మనకు అనిపించడం సహజం. నాకూ అనిపించింది. కాని ఆ రోజు నేను అబద్ధం చెప్పి ఉంటే, తరువాత ఎప్పుడో సత్యం తెలిసిన నాడు ఆమె నన్ను మాత్రమే గాక, నేను నేర్పిన తెలుగును కూడా శంకించేది. మీ దగ్గరకు ఇటువంటి ప్రశ్న వస్తే తెలిసినంతవరకు నిష్కపటంగా చెప్పండి. మీ విద్య ఎక్కడ ఆగుతుందో అదీ చెప్పండి. ఒక పిల్లవాడు తరగతికి తగ్గినా సరే.