అప్పతో వ్రాత మాటలు

రిసాలిలో తెలుగు మాట తరచు వినబడుతుంది. తెలుగు అక్షరం అంత తరచుగా కనబడదు. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ నడిమి నిర్మాణ దినాలలో శ్రీకాకుళం జిల్లా నుండి పని వెదుక్కుంటూ వచ్చినవారిలో మా నాన్నగారు ఒకరు. అప్పట్లో ఒక పల్లెకున్న రిసాలి అనే పేరు నేడు ఒక నగరపాలక సంస్థకు ఉన్నది. 2021 డిసెంబరులో దానికి తొలి ఎన్నికలు కూడ జరిగాయి. ఇంట్లో తెలుగు, బజారులో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. ఇదే మా తరంవారి త్రిభాషా సూత్రం. నాకు తెలుగు చదవడం, వ్రాయడం పట్టుబడ్డాయంటే అది మా అమ్మ పలక మీద దిద్దించిన ఫలం. తన తరువాత ఊరి ఉత్తరాలు చదివేవారు ఇంట్లో ఒకరుండాలని ఆమె పట్టుదల.

ఆ ఉత్తరాలు వ్రాసేది మా అప్ప. ఉత్తరాంధ్రలో అక్కను అప్ప అంటారు. నాకంటె పదేళ్ళు పెద్దదైన అప్ప నాయనమ్మ దగ్గర ఊరిలోనే పెరిగి, సోంపేట దగ్గరి ఉద్దానం పల్లెకు కోడలైంది. అయిదవ తరగతితో చదువు ఆగినా ఆమె దస్తూరి ముత్యాల వరుస. ఇన్‌లాండ్ కవరు నాలుగు అంచులా చోటు వదలక వ్రాసేది. ఇళ్ళలోకి టెలిఫోను వచ్చాక ఉత్తరాలు నిలిచిపోయాయి. ఇరవై ఏళ్ళు ఫోనులోనే మాట్లాడుకున్నాము. 2015 ప్రాంతంలో ఆమెకు వినికిడి సన్నగిల్లింది. చెవిలో పెట్టుకొనే యంత్రం ఎదురుగా ఉన్నవారి మాటకు కొంత ఉపకరించిందే గాని ఫోనుకు అక్కరకు రాలేదు. తాను చెప్పవలసినదంతా చెప్పి, నా జవాబు వినబడక, “సరే, ఉంటాను తమ్ముడూ” అని పెట్టివేసేది. ఆ మాట తరువాత ఫోను పట్టుకొని కూర్చోవడం ఎంత కష్టమో అనుభవించినవారికి తెలుస్తుంది.

మరుసటి ఏడు ఆమె మనుమడు ఆమె ఫోనులో వాట్సాప్ పెట్టి ఇచ్చాడు. ఇటువంటి లిఖిత సంభాషణకు మూలమైన పద్ధతులలో ఒకటి 1988లో ఫిన్లాండు దేశపు ఊలు విశ్వవిద్యాలయంలో యార్కో ఒయికారినెన్ రూపొందించిన ఐఆర్‌సీ. ఈనాడు చాట్ లేని ఫోను లేదు. అయితే దానిలో తెల్లవారగానే పూలబొమ్మలు, పండుగకు దీపం బొమ్మలు పంపుకోవడంతో సరిపుచ్చుకొనేవారే నా ఎరుకలో ఎక్కువ. మాకు అది చాలదు. నాకు ఆమె మాట వినబడుతుంది, ఆమెకు నా మాట వినబడదు. కాబట్టి ఈ చిన్న పెట్టె నుండి మేము పిండుకోగలిగినంత పిండుకోవలసి వచ్చింది.

మొదటి చిక్కు లిపి. భిలాయిలో పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు. అప్పకు ఇంగ్లీషు అక్షరాలు రావు. వచ్చినా ప్రయోజనం స్వల్పమే. కే, ఏ, రెండు ఎల్‌లు, యూ అని ఆ పిల్లలు కొట్టినది కళ్ళు కావచ్చు, కాళ్ళు కావచ్చు, కల్లు కూడ కావచ్చు. అరవై దాటినవారు ఆరోగ్యం గురించి వ్రాసుకొనేటప్పుడు ఈ మూడింటికీ తేడా తెలియాలి గదా! తొంభైల దశకంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయపు తెలుగువారు ఆర్‌టీఎస్ అనే పద్ధతి ఏర్పరచి, పెద్దబడి, చిన్నబడి అక్షరాలతో ల, ళ భేదాన్ని చక్కగా నిలిపారు. అది శ్రద్ధగల పండితుల పద్ధతి. బొటనవేలితో తొందరగా కొట్టేవారు దానిని పాటించరు.

నాకు తోవ చూపినది హిందీ. నేను పనిచేసిన కార్యాలయంలో రాజభాష నిమిత్తం హిందీ టైపు నేర్పారు. అది ఇన్‌స్క్రిప్ట్ అమరిక. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు, కుడిచేతి వైపు ప్రధానంగా హల్లులు ఉంటాయి. దీని విశేషమేమంటే, హిందీలో క ఉన్న మీట మీదనే తెలుగులోనూ క ఉంటుంది; పొల్లు ఉన్నచోటనే పొల్లు ఉంటుంది. కంప్యూటరులో భాష మార్చి పాత వేళ్ళతోనే తెలుగు కొట్టవచ్చు. ఒక్క హ్రస్వ ఎకార, ఒకారాలు హిందీకి అక్కరలేదు గనుక అవి మాత్రం ఎడమ అంచు మీటల మీద కొత్తగా వెదుక్కోవాలి. లేకుంటే చెల్లి చేల్లి అవుతుంది. హిందీ టైపు వచ్చిన తెలుగు ఉద్యోగులు దేశంలో ఎందరో ఉన్నారు. తమ వేళ్ళకు తెలుగు కూడ వచ్చునన్న సంగతి వారిలో చాలమందికి తెలియకపోవడం నాకు ఆశ్చర్యం.

అప్ప దారి వేరు. కొన్ని కీబోర్డు ప్రోగ్రాములలో అద్దం మీద వేలితో వ్రాస్తే దానిని అచ్చక్షరంగా మార్చే సదుపాయం ఉంది. మనుమడు అది చూపగానే ఆమె పలక దొరికిన పిల్లలాగ మొదలుపెట్టింది.

వ్రాయడం కుదిరిన తరువాత వెదకడం అవసరమైంది. చాట్‌లో పాత మాటను పదం కొట్టి వెదికే వీలున్నది. దీనిని వాడేవారు అరుదు. పిన్ని మనుమరాలి పెళ్ళి ఏ సంవత్సరమో చూద్దామని ఒకసారి “పెళ్ళి” అని కొట్టితే నేను వ్రాసినవే బయటపడ్డాయి. అప్ప వ్రాసేది “పెళ్లి”. మన కంటికి రెండూ ఒప్పే, యంత్రానికి రెండూ వేర్వేరు పదాలు. నీళ్ళు, ఇళ్ళు, ఏళ్ళు అన్నింటికీ ఇదే తంటా. చివరకు ళకు ళ వత్తే ఇవ్వాలని ఇద్దరం ఒడంబడిక చేసుకొన్నాము. అప్ప నెల రోజులు సణిగి ఒప్పుకొంది. అలాగే ఒక సందేశంలో ఒకే సంగతి వ్రాయడం, జవాబు ఇచ్చేటప్పుడు ఏ మాటకు జవాబో ఆ మాటను పట్టి ఇవ్వడం అలవాటు చేసుకొన్నాము. మందుల పేర్లు, అమ్మ తిథి వంటివాటికి నక్షత్రపు గుర్తు పెడతాము.

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. తెలుగు జ్ఞా అక్షరం ఒక విధంగా కూర్చి పంపితే యాపిల్ ఐఫోన్లలో సందేశాల ప్రోగ్రాములు కుప్పకూలాయి. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక విభజన సంకేతం, ఆపైన దీర్ఘం. ఈ వరుసను ఆ యంత్రం అరిగించుకోలేకపోయింది. కొద్ది రోజులలోనే కంపెనీ దానిని సరిచేసింది. “జ్ఞానం బరువు మోయలేకపోయింది” అని అప్ప వ్రాసింది.

అదే సంవత్సరం అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. విద్యుత్తు పోయింది, ఫోను టవర్లు మూగబోయాయి. చాట్‌లో ఒక గీత ఉంటే మన మాట మన ఫోను దాటిందని, రెండు గీతలుంటే అవతలి ఫోను చేరిందని, అవి నీలమైతే చదివారని అర్థం. రోజూ ఉదయం ఆ నీలిగీతలు చూచి అప్ప లేచిందని తెలుసుకోవడం నాకు అలవాటు. ఆ రోజు నుండి ఒక్క గీతే. బంధువుల ఫోన్లూ పలకలేదు. అయినా రోజుకు ఒక సందేశం వ్రాస్తూనే ఉన్నాను, చిన్నవిగా. తెలుగులో ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు పడుతుంది. నూరు సంకేతాల సందేశమైనా మూడు వందల బైట్లు మాత్రమే. సిగ్నలు ఒక్క క్షణం తగిలితే చాలు, లోపలికి పోతుంది. మాట్లాడడానికి అటువంటి క్షణం చాలదు. ఆరవనాడు మధ్యాహ్నం గీతలన్నీ ఒక్కసారిగా రెండయ్యాయి, వెంటనే నీలమయ్యాయి. “బాగున్నాం. కొబ్బరి ఒక్కటి మిగల్లేదు. పనస నిలబడింది” అని వచ్చింది. ఆ సందేశానికి కూడ నక్షత్రపు గుర్తు ఉంది.

ఇక్కడ మా మనుమరాలికి తెలుగు మాట వచ్చును, అక్షరం రాదు. యూనికోడ్‌లో భారతీయ లిపులను సమాంతరంగా అమర్చారు. తెలుగు క సంఖ్య నుండి 768 తీసివేస్తే దేవనాగరి క వస్తుంది, ఇతర అక్షరాలూ దాదాపు అంతే. అందుచేత అప్ప సందేశాన్ని క్షణంలో నాగరిలోకి మార్చి పిల్ల చేతికి ఇవ్వవచ్చు. కొన్నాళ్ళు అలాగే చేశాము. అప్ప మాటలకు పిల్ల పకపక నవ్వేది. ఇది సౌకర్యమా, తెలుగు అక్షరం ముఖం చూడకుండా తప్పించుకొనే దొడ్డిదారా అన్నది నేను ఇంకా తేల్చుకోలేదు. ఇప్పుడు పై వరుసలో తెలుగు, కింది వరుసలో నాగరి పెట్టి ఇస్తున్నాను. పిల్ల కింది వరుస చూడకుండా చదివే పదాలు కొన్ని ఏర్పడ్డాయి.

ఈ ప్రోగ్రాములు శాశ్వతం కావు. యాహూ మెసెంజరు 2018 జూలై 17న మూతపడింది. ఐసీక్యూ 2024 జూన్ 26న మూతపడింది. వాటిలో మాట్లాడుకొన్నవారి మాటలెన్ని మిగిలాయో! కాబట్టి ఏటా సంక్రాంతికి మా సంభాషణను సాధారణ వ్రాత ఫైలుగా ఎగుమతి చేసి పెడతాను. తేదీ, వేళ, పేరు అన్నీ వస్తాయి. బొమ్మలు ఆ ఫైలులో కనబడవు. వాటి చోట ఒక పొడి వాక్యం మిగులుతుంది. అందుకని ఫోటో పంపితే దాని కింద అది ఏమిటో వ్రాయమని అప్పతో చెప్పాను.

క్రిందటి సంక్రాంతికి ఆ ఫైలును అచ్చు తీయించి, కుట్టించి, ఊరికి వెళ్ళే బంధువు చేతికి ఇచ్చాను. అతను దుర్గ్‌లో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, విజయనగరంలో బండి మారి అప్పకు అందజేశాడు. రెండు నెలలకు పుస్తకం తిరిగి వచ్చింది. ఈమధ్య వేలు నొప్పిగా ఉన్నప్పుడు ఆమె ఫోనుకు నోటితో చెప్పి వ్రాయిస్తోంది. ఆ యంత్రం మా వైపు మాటను పట్టణపు మాటగా దిద్దుకొంటుంది. ఆమె “ఏటి” అంటే “ఏంటి” అని వ్రాస్తుంది. అచ్చులో అటువంటి ప్రతిచోటా అప్ప ఎర్రసిరాతో సున్నను కొట్టివేసి పంపింది.